చిన్నపిల్లలకు జంతువుల అనుకూలనాలు ఎలా చెప్పాలి? హైదరాబాద్ టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానంలో ఏదో ఒకచోట అనుకూలనాల పాఠం, అంటే జంతువు తానుండే చోట బతకడానికి దాని ఒంట్లో ఏముందో చెప్పే పాఠం తగులుతుంది. ఒంటెకు మూపురం, చేపకు మొప్పలు, బాతుకు కాలివేళ్ల మధ్య చర్మం అని ఒక పట్టిక గీయించి, దాన్ని కంఠస్థం చేయించి ముగించేయడం మామూలైపోయింది. అలా నేర్చుకున్న పిల్లలకు పట్టిక గుర్తుంటుంది కానీ, కిటికీ అద్దం మీద పాకే బల్లిని చూస్తే ఏ ప్రశ్నా పుట్టదు. ఆ ప్రశ్న పుట్టించడం ఎలాగో కింద రాశాను. నగరంలో, తక్కువ ఖర్చుతో చేయగలిగినవే తీసుకున్నాను.

అనుకూలనం అంటే ఏమిటో ఎనిమిదేళ్ల పిల్లలకు ఎలా చెప్పాలి?

నిర్వచనంతో మొదలుపెట్టకండి. ఏ జంతువు కనిపించినా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేయండి. ఇది ఎక్కడ బతుకుతుంది? అక్కడ బతకడానికి దీని ఒంట్లో ఏముంది? అది లేకపోతే ఏమవుతుంది? మూడో ప్రశ్న దగ్గరే పిల్లలు నిజంగా ఆలోచించడం మొదలుపెడతారు. బాతు కాళ్లకు ఆ చర్మం లేకపోతే? కొంగ కాళ్లు పొట్టిగా ఉంటే?

నాలుగైదు జంతువులు అయ్యాక మాట పరిచయం చేయండి. ఒక జీవి తానుండే చోట తిండి సంపాదించుకోవడానికి, శత్రువు నుంచి తప్పించుకోవడానికి, ఎండనూ చలినీ తట్టుకోవడానికి, పిల్లల్ని పెంచుకోవడానికి పనికొచ్చే, పుట్టుకతో వచ్చే లక్షణం అనుకూలనం. ఇందులో ‘పుట్టుకతో వచ్చే’ అన్నదాన్ని అస్సలు వదలొద్దు. చలికాలంలో మనం స్వెటర్ వేసుకుంటాం, గొర్రెకు ఉన్ని ఒంటిమీదే మొలుస్తుంది. ఈ తేడా మూడో తరగతి పిల్లలకు బాగానే అందుతుంది.

ఏ తరగతి నుంచి మొదలుపెట్టవచ్చు?

ఒకటో తరగతి నుంచే, పేరు పెట్టకుండా. ఆ వయసుకు చూడటం, బొమ్మ వేయడం, పోల్చడం చాలు. ‘ఎందుకు’ అన్నది మూడులో, ‘ఎలా వచ్చింది’ అన్నది నాలుగు, ఐదుల్లో.

మొదటి పాఠానికి ఏ జంతువు మంచిది?

బల్లి. ధ్రువపు ఎలుగుబంటీ పెంగ్విన్ తర్వాత చూసుకోవచ్చు. మన పిల్లలు వాటిని వీడియోలో తప్ప చూడలేరు. బల్లి ప్రతి ఇంట్లో ట్యూబ్‌లైట్ పక్కనే ఉంటుంది, రాత్రి భోజనం వేళకు తప్పకుండా వస్తుంది.

పిల్లలకు ఇంటిపని ఇవ్వండి: రాత్రి లైటు వేశాక కిటికీ అద్దానికి అవతలివైపు బల్లి పాకుతుంటే ఇవతలివైపు నుంచి దాని పాదాల అడుగుభాగం చూడాలి, బొమ్మ వేయాలి. ప్రతి వేలి కింద అడ్డంగా సన్నటి మడతలు వరుసగా కనిపిస్తాయి. ఆ మడతల మీద కంటికి కనిపించనంత సన్నటి నూగు వేల సంఖ్యలో ఉంటుంది. గోడకూ ఆ నూగుకూ మధ్య, అణువుల స్థాయిలో ఉండే ఆకర్షణే బల్లిని పట్టి ఉంచుతుంది. బంక ఉంటుందనీ, పీల్చి పట్టుకుంటుందనీ చాలామంది పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. రెండూ కాదు. ఇంకాస్త ఓపికగా చూస్తే, అడుగు తీసేటప్పుడు వేళ్ల కొసలు ముందు పైకి చుట్టుకుని, ఆ తర్వాత పాదం లేస్తుంది. అలా కొస నుంచి ఒలిచినట్టు తీయడం వల్లే అది అతుక్కుపోకుండా పరుగెత్తగలుగుతోంది.

తర్వాత కళ్లు. గోడ బల్లికి రెప్పలు ఉండవు. కంటి మీద పారదర్శకమైన పొర ఉంటుంది, దాని మీద దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. ఇది చూసిన పిల్లలు మర్చిపోరు.

తర్వాత తోక. పిల్లి పట్టుకోగానే తోక తెగిపడి గిలగిలా కొట్టుకుంటుంది, పిల్లి చూపు దాని మీద ఉండగా బల్లి తప్పుకుంటుంది. తోక ఎముకల్లో అలా విడిపోవడానికి వీలైన చోట్లు ముందే ఉంటాయి. కొత్త తోక వస్తుంది కానీ లోపల ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది, రంగూ ఆకారమూ కొంచెం తేడాగా కనిపిస్తాయి. మీ ఇంటి బల్లి తోక పాతదా కొత్తదా అని అడగండి, మర్నాడు తరగతిలో అందరూ చెప్పడానికి పోటీ పడతారు. తోకలో కొవ్వు దాచుకుంటుంది కాబట్టి అది పోవడం బల్లికి నష్టమే అని కూడా చెప్పండి. ప్రతి అనుకూలనానికీ ఏదో ఒక ఖర్చు ఉంటుందన్న సంగతి ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది.

ఇంత సమాచారం ఒక్క బల్లిలో ఉంది. పది జంతువుల పట్టిక కంటే ఇది ఎక్కువ నేర్పుతుంది.

పిల్లలకు బల్లి అంటే భయం, అసహ్యం. మీద పడితే దోషమని ఇంట్లో పెద్దలు అంటారు. ఎలా?

ముట్టుకోమని ఎవరినీ బలవంతం చేయకండి. ఈ పాఠానికి ముట్టుకోవలసిన పనే లేదు, అద్దం అవతల ఉన్నదాన్ని చూడటమే. గోడ బల్లికి విషం లేదని స్పష్టంగా చెప్పండి. కలుషితం కావచ్చు కాబట్టి, అది పడిన అన్నం పారేయడం మాత్రం సబబే. ఇక అమ్మమ్మ మాట తప్పని తరగతిలో అనవద్దు. భయపడే పిల్లల్లో సగం మంది దాని పాదాల బొమ్మ వేసేటప్పటికి దగ్గరగా వంగి చూస్తుంటారు.

‘జిరాఫీ ఎత్తైన ఆకుల కోసం మెడ సాగదీసి సాగదీసి పొడుగైంది’ అని పిల్లలు రాస్తున్నారు. తప్పా?

తప్పే. ఈ పాఠం మొత్తంలో దిద్దవలసిన తప్పు ఏదైనా ఉందంటే ఇదే. ‘చలి వేసింది కాబట్టి ఎలుగుబంటి బొచ్చు పెంచుకుంది’, ‘దాక్కోవాలని కీటకం ఆకు రంగులోకి మారింది’ అన్నవన్నీ దీని తోబుట్టువులే. జంతువు కావాలనుకుంటే ఒళ్లు మారదు. 1809లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లామార్క్ కూడా సుమారుగా ఇలాగే ఊహించాడు కాబట్టి పిల్లలు అలా అనుకోవడంలో వింత లేదు, వాళ్లను కోప్పడవద్దు. 1859లో చార్లెస్ డార్విన్ పెట్టిన వివరణ వేరు: ఒకే జాతిలో అన్నీ ఒకేలా పుట్టవు. పుట్టుకతో వచ్చిన ఏదో తేడా ఆ చోటికి కలిసొచ్చినవి ఎక్కువగా బతికి, ఎక్కువ పిల్లల్ని కంటాయి. ఆ తేడా పిల్లలకూ వస్తుంది. తరాలు గడిచేకొద్దీ అలాంటివే ఎక్కువవుతాయి.

దీన్ని మాటల్లో కాకుండా ఆటలో చెప్పండి. ఉన్ని దారాన్ని వేలెడు పొడవు ముక్కలుగా కత్తిరించండి: ఎరుపు ఇరవై, ఆకుపచ్చ ఇరవై, మట్టిరంగు ఇరవై. ఇవి పురుగులు. గడ్డి లేని స్కూల్ గ్రౌండ్‌లో ఒక చిన్న చోటు గీత గీసి, అందులో వెదజల్లండి. ఐదారుగురు పిల్లలు పక్షులు. ఈల వేయగానే పరుగెత్తి ఒక్కో పురుగునే ఏరుకుని గీత బయట పెట్టి మళ్లీ రావాలి. అర నిమిషంలో ఆట ఆపండి. ఏరినవి లెక్కపెట్టి, నేల మీద మిగిలినవి ఏ రంగువి ఎన్నో నల్లబల్ల మీద రాయండి. ఇప్పుడు అసలు మెట్టు: మిగిలిన ప్రతి పురుగుకూ అదే రంగులో ఒక పిల్లను చేర్చండి. మళ్లీ ఆడండి. మూడు విడతలయ్యేసరికి నేల మీద మట్టిరంగువే ఎక్కువగా ఉంటాయి.

అప్పుడు అడగండి: ఇందులో ఒక్క పురుగైనా రంగు మార్చుకుందా? లేదు. మరి మట్టిరంగు పురుగులే ఇంత ఎక్కువ ఎలా అయ్యాయి? ఈ ప్రశ్నకు పిల్లలే సమాధానం చెప్పాలి, మీరు ఆగండి. నిశ్శబ్దం కాసేపు సాగినా ఫర్వాలేదు. వీలైతే మరో రోజు ఇదే ఆట పచ్చిక మీద ఆడించండి. ఈసారి ఆకుపచ్చవి మిగులుతాయి. ఏ రంగు మంచిదన్నది చోటును బట్టి ఉంటుందని వాళ్లే అంటారు.

జిరాఫీ గురించి ఒక చిన్న సంగతి. దాని మెడలో ఉండే ఎముకలు ఏడు. మన మెడలోనూ ఏడే. దాని ఒక్కో ఎముకా పొడవు, అంతే.

పక్షుల ముక్కుల ఆట అంటారు, సామాను ఏం కావాలి?

వంటింట్లో ఉన్నదే. ముక్కులు: బట్టల క్లిప్పు, ముల్లు తీసే పట్టకారు, చాయ్ జాలి, స్ట్రా లేదా మందు డ్రాపర్. తిండి: పళ్లెంలో పెసలు, రవ్వ నింపిన గిన్నెలో పూడ్చిన ఉడికించిన సేమ్యా, నీళ్లలో తేలే మరమరాలు, సన్నమూతి సీసాలో రూఅఫ్జా నీళ్లు. ప్రతి బిడ్డకూ ఒకే రకం ముక్కు, ఆట అయ్యేదాకా మార్చకూడదు. పొట్టకు బదులు ఒక చిన్న కప్పు. నిమిషంలో ఎవరి కప్పు ఎంత నిండిందో చూడాలి.

ఆట అయ్యాక పక్షులతో జతచేయండి. డ్రాపర్ తేనెపిట్ట. రవ్వలోంచి సేమ్యా లాగే పట్టకారు, బురదలోంచి పురుగులు లాగే పొడుగు ముక్కు ఉల్లంకి పిట్ట. జాలి రాజహంస (ఫ్లెమింగో): అది తల తలకిందులు చేసి నీళ్లలో ముంచి, ముక్కు అంచున దువ్వెన పళ్లలా ఉండే సన్నటి వరసల గుండా నీటిని బయటికి తోసి సూక్ష్మమైన తిండిని లోపల ఉంచుకుంటుంది. దాని గులాబీ రంగు కూడా తిండి నుంచి వచ్చిందే. పిల్లగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉంటుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి. రెండో విడతలో ‘కరువొచ్చింది’ అని చెప్పి మూడు గిన్నెలు తీసేసి పెసలు ఒక్కటే ఉంచండి. స్ట్రా పిల్లలు ఆకలితో ఉంటారు, క్లిప్పు పిల్లల కప్పులు నిండుతాయి. ఇలాంటిది నిజంగానే జరిగింది. పసిఫిక్ మహాసముద్రంలో గలపాగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్తల జంట అక్కడి పిచ్చుకల్లాంటి ఫించ్ పక్షుల్ని ఒక్కొక్కదాన్నీ పట్టి, ముక్కులు కొలిచి వదిలేవారు. 1977లో పెద్ద కరువొచ్చింది. చిన్న, మెత్తటి గింజలు అయిపోయి పెద్ద, గట్టి గింజలే మిగిలాయి. చిన్న ముక్కు పక్షులు ఎక్కువగా చనిపోయాయి, గింజ పగలగొట్టగల మందపాటి ముక్కువి ఎక్కువగా బతికాయి. తర్వాతి తరం పిల్లల ముక్కులు సగటున పెద్దవిగా ఉన్నాయి. ఏ పక్షి ముక్కూ కరువులో పెరగలేదు. ఐదో తరగతి పిల్లలకు ఈ కథ పూర్తిగా చెప్పవచ్చు, బాగా వింటారు.

ఒంటె మూపురంలో నీళ్లుంటాయా?

ఉండవు, కొవ్వు ఉంటుంది. తిండి దొరకని రోజుల్లో అది ఖర్చవుతుంది, అప్పుడు మూపురం వాలిపోతుంది. కొవ్వంతా ఒకేచోట ఉండటం వల్ల మిగతా ఒంట్లోంచి వేడి సులువుగా బయటికి పోతుంది. నీళ్ల సంగతి వేరు: దొరికినప్పుడు ఒకేసారి వంద లీటర్ల దాకా తాగగలదు. దాని ఎర్ర రక్తకణాలు కోలగా ఉండి, అన్ని నీళ్లు ఒక్కసారిగా చేరినా పగిలిపోవు. ముక్కు రంధ్రాలు మూసుకోగలదు, కంటికి రెండు వరసల వెంట్రుకలు, పాదాలు ఇసుకలో దిగబడకుండా వెడల్పు. మన ఊళ్లో బక్రీద్ ముందు రోజుల్లో ఒంటెలు కనిపిస్తాయి. అప్పుడు పాదాలూ కనురెప్పలూ దూరం నుంచే చూడమనండి.

ఊసరవెల్లి ఏ రంగు మీద కూర్చుంటే ఆ రంగులోకి మారుతుందని చెప్పవచ్చా?

చెప్పకండి. ఊసరవెల్లి రంగు మార్పు ఎక్కువగా దాని కోపం, బెదురు, జత కోసం పిలుపు, ఒంటి వేడి లాంటివాటి వల్ల. చల్లగా ఉన్నప్పుడు ముదురు రంగులోకి వెళ్లి ఎండ వేడిని ఎక్కువ గుంజుకుంటుంది. చర్మంలో ఉండే అతి సన్నటి స్ఫటికాల మధ్య ఎడం మారితే తిరిగొచ్చే వెలుతురు రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు చూపించారు. పచ్చగా ఉండటం వల్ల ఆకుల్లో కలిసిపోతుందన్న మాట నిజమే, గళ్ల చొక్కా మీద పెడితే గళ్లు వస్తాయన్నది నిజం కాదు. మన పార్కుల్లో తల ఊపుతూ గొంతు ఎర్రబడి కనిపించేది ఊసరవెల్లి కాదు, తొండ. జతకట్టే కాలంలో మగ తొండకు ఆ ఎరుపు వస్తుంది.

మంచు ప్రాంతాల జంతువుల గురించి హైదరాబాద్ ఎండలో ఎలా చెప్పాలి?

డాల్డాతో. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో నాలుగు చెంచాల డాల్డా వేసి, లోపల ఇంకో కవర్ పెట్టి, రెండింటి మధ్యా డాల్డా సమంగా పరుచుకునేలా నొక్కండి. డాల్డా లేకుండా రెండు కవర్లతో ఇంకో జత చేయండి. పిల్లలు ఒక్కో చెయ్యి ఒక్కో దానిలో పెట్టి ఐసు నీళ్లలో ముంచాలి. నిమిషానికి మించి ఉంచనివ్వకండి. డాల్డా చేతికి చలి తెలియదు. సీల్, తిమింగలం, ధ్రువపు ఎలుగుబంటి చర్మం కింద ఉండే కొవ్వు చేసే పని అదే. ఎలుగుబంటి బొచ్చు తెల్లగా కనిపిస్తుంది కానీ ఆ వెంట్రుకలకు రంగు లేదు, దాని చర్మం నలుపు. పెంగ్విన్‌నూ ఈ ఎలుగుబంటినీ ఒకే బొమ్మలో వేయనివ్వకండి: ఒకటి భూమికి దక్షిణపు కొసన, ఇంకొకటి ఉత్తరపు కొసన.

తర్వాత అడగవలసింది: ఈ డాల్డా చొక్కాతో మే నెలలో కోఠి బస్టాపులో నిలబడితే? పిల్లలు వెంటనే చెప్పేస్తారు. అక్కడ కాపాడిందే ఇక్కడ చంపుతుంది. అక్కడి నుంచి మన జంతువుల దగ్గరికి రండి. బర్రె నీళ్లలో ఎందుకు పడుకుంటుంది? దాని చర్మం నలుపు, పైగా ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు తక్కువ. కుక్క నాలుక వేలాడేసి ఎందుకు ఒగరుస్తుంది? ఏనుగు చెవులు ఎందుకు విసురుకుంటుంది? ఆ చెవుల్లో రక్తనాళాల వల ఉంది, గాలి తగిలితే రక్తం చల్లబడుతుంది. మండే ఎండల ఆఫ్రికా మైదానాల ఏనుగు చెవులు మన ఏనుగు చెవుల కంటే పెద్దవి.

మేము అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఇక్కడ పావురాలు తప్ప ఏమున్నాయి?

పావురాలే చాలు. ఇవి అడవి పావురాల సంతతి, ఆ పూర్వీకులు గూడు పెట్టుకున్నది చెట్ల మీద కాదు, కొండ చరియల అంచుల మీద. పావురానికి మీ ఆరో అంతస్తు ఏసీ పెట్టె ఒక చరియ. చార్మినార్, మక్కా మసీదు గూళ్లూ అంతే. పక్కనే వేపచెట్టు ఉన్నా అది బాల్కనీకే ఎందుకు వస్తుందో పిల్లలకు ఇప్పుడు తెలుస్తుంది. నగరం మనం కట్టాం, కొండల్లో బతికిన జీవికి అది సరిపోయింది.

మరో పరిశీలన: మేడ మీద నీళ్ల గిన్నె పెట్టి దూరంగా కూర్చోండి. కాకి, గోరింక ముక్కు నిండా నీళ్లు తీసుకుని తల పైకెత్తి మింగుతాయి. పావురం తల ఎత్తదు, ముక్కు ముంచి అలాగే పీల్చేస్తుంది. ఎక్కువసేపు తల దించుకుని కూర్చోవడం ప్రమాదం కదా, త్వరగా తాగడం దానికి లాభమా అని అడగండి. పిల్లల జవాబులు రకరకాలుగా వస్తాయి, అన్నీ రాయించండి. రెట్టలు మాత్రం తాకనివ్వకండి, ఊడ్చిన దుమ్ము దగ్గర నిలబడనివ్వకండి. ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి.

చేపల పాఠానికి అక్వేరియం తేవాలా?

అక్కర్లేదు, ఆదివారం చేపల మార్కెట్‌కు తీసుకెళ్లండి. రాంనగర్ అయినా మీ వీధి చివర అయినా. రోహు, బొచ్చె ఐసు మీద పడి ఉంటాయి. కొర్రమీను మాత్రం కొద్ది నీళ్లున్న తొట్టిలో ప్రాణంతో ఉంటుంది. ఎందుకు? కొర్రమీను తల లోపల, మొప్పలకు పైన గాలి పీల్చుకునే గది ఒకటి ఉంది. మధ్యమధ్య నీటిపైకి వచ్చి గాలి మింగుతుంది. రెండు నిమిషాలు తొట్టి పక్కన నిలబడితే అది మూతి పైకి పెట్టడం పిల్లలు కళ్లారా చూస్తారు. తెలంగాణ చెరువులు ఎండాకాలం ఎండుతాయి, ఉన్న నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది. అలాంటి చెరువులో మొప్పలు మాత్రమే ఉన్న చేప చస్తుంది, కొర్రమీను బురదలోనైనా కొంతకాలం బతుకుతుంది. నీటిపైకి రానివ్వకుండా అడ్డుకుంటే చేపై ఉండి కూడా అది ఊపిరాడక చనిపోతుంది. మన రాష్ట్ర చేప ఇదే. ఈ చేపా మన చెరువూ ఒకదానికొకటి ఎలా సరిపోయాయో చూపించే పాఠం ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

మాంసాహారం తినని ఇళ్ల పిల్లలను బలవంతపెట్టకండి, వాళ్లకు నీళ్ల తొట్టిలో బాతుల పాఠం ఇవ్వవచ్చు.

జూకు తీసుకెళ్తే ఉపయోగమా, షికారుగా మిగులుతుందా?

ఎలా తీసుకెళ్తారన్నదాన్ని బట్టి. బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో తెరిచారు, విస్తీర్ణం 380 ఎకరాలు. ఒక్కరోజులో మొత్తం తిప్పితే పిల్లలకు కాళ్లనొప్పులే మిగులుతాయి. ఒక్క ప్రశ్న పెట్టుకుని వెళ్లండి. ఉదాహరణకు, కళ్లు ముఖానికి ముందున్నాయా, పక్కలకున్నాయా? పులి, చిరుత, గుడ్లగూబలకు ముందు. జింక, కుందేలు, నీల్గాయికి పక్కలకు. వేటాడేదానికి దూరం సరిగ్గా అంచనా తెలియాలి, వేటకు గురయ్యేదానికి నలువైపులా కనబడాలి. నాలుగు జంతువులు చూశాక ఐదోదానికి పిల్లలే ముందుగా చెప్పేస్తారు. అక్కడి నిశాచర జంతుశాలలో వెలుతురును తారుమారు చేసి పగటిని రాత్రిగా మార్చారు. దేవాంగపిల్లి కళ్లు అంత పెద్దవి ఎందుకో అక్కడ అడగండి. సోమవారం జూకు సెలవు.

జూ కాకుండా నగరంలో ఇంకెక్కడికి వెళ్లవచ్చు?

వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. 1975లో ఏర్పాటైంది, కృష్ణజింకల కోసం. వాటి పొట్ట తెలుపు, వీపు ముదురు. ఎండలో పై నుంచి వెలుతురు, కింద నీడ పడి రెండూ సమమై, దూరం నుంచి ఒళ్లు పలచబడినట్టు కనిపిస్తుంది. దాక్కోవడానికి చెట్లు లేని పచ్చిక మైదానంలో వాటికి మరో ఆయుధం పరుగు. శీతాకాలంలో అమీన్‌పూర్ చెరువు: 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, రాజహంసలూ రకరకాల కొంగలూ వస్తాయి. బైనాక్యులర్ ఒకటి దొరికితే కాళ్ల పొడవును బట్టి ఎవరు ఎంత లోతులో నిలబడ్డారో చూడవచ్చు. కేబీఆర్ పార్కులో నెమళ్లు. ఇవేవీ కుదరకపోతే స్కూల్ వెనక ఖాళీ స్థలంలో జిల్లేడు చెట్టు.

జిల్లేడు చెట్టులో ఏముంది?

ఆకుల కింద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి పురుగు వెతకండి. జిల్లేడు పాలు విషం, మేకలు కూడా సాధారణంగా దాన్ని వదిలేస్తాయి. ఈ పురుగు ఆ ఆకే తిని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చి నారింజరంగు సీతాకోకచిలుకయ్యాక కూడా ఆ విషం ఉంటుంది. ఒకసారి కొరికిన పక్షి మళ్లీ ఆ రంగు జోలికి పోదు. ఇంకా గొప్ప సంగతి: విషం లేని వేరే జాతి సీతాకోకచిలుక ఒకటుంది, దాని ఆడవి అచ్చం ఇలాంటి రంగుతో పుట్టి పక్షుల్ని మోసం చేస్తాయి. దాక్కునే రంగులే కాదు, కనబడాలని ఉండే రంగులూ ఉంటాయని చెప్పడానికి ఇది చక్కటి చోటు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఆకులు పెద్దవాళ్లే తుంచాలి.

వానాకాలంలో ఏం చూపించాలి?

తొలకరి పడగానే నగర శివార్లలో ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. కాళ్లు లెక్కపెట్టమనండి: ఎనిమిది, కాబట్టి కీటకం కాదు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడుపుతుంది, తేమ తగిలాకే పైకి వస్తుంది. ఆ ఎరుపు కూడా ‘నన్ను తినకు’ అన్న హెచ్చరికే. అదే వారంలో నీటి గుంటల దగ్గర పెద్ద కప్పలు, మగవి నిమ్మపండు పసుపులో. ఎండాకాలమంతా అవి నేలలో కదలకుండా పడుకుని వాన కోసం ఆగాయి.

శరీర అనుకూలనం, ప్రవర్తన అనుకూలనం అని విడదీసి చెప్పాలా?

ఐదో తరగతిలో చెప్పవచ్చు. బల్లి పాదం శరీరం, కప్ప నేలలో పడుకోవడం ప్రవర్తన. దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి.

‘ఇవన్నీ దేవుడు అలా చేశాడు’ అని పిల్లలు అంటే?

ఇంట్లో విన్న మాట అది, దానితో వాదనకు దిగవద్దు. తరగతిలో మన పని చూసి, కొలిచి, పోల్చి చెప్పడం అని గౌరవంగా చెప్పి, దారపు ఆట లెక్కల దగ్గరికి తిరిగి రండి. ఆ లెక్కలు అందరి ముందూ వేసినవే.

తరగతిలోకి బతికున్న జంతువుల్ని తేవచ్చా?

రామచిలుక వద్దు. దాన్ని పంజరంలో పెంచడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. దసరాకు పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టి చూపించి డబ్బులడిగేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లవద్దు. అదీ నేరమే, ఆ పిట్టలు చాలాసార్లు చచ్చిపోతాయి. ఈ విషయంలో నాకు రాజీ లేదు. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, ఊరి బయట కరెంటు తీగ మీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చుంటుంది, ఎగిరినప్పుడే ఆ నీలం విచ్చుకుంటుంది. ఎగిరే పాలపిట్టను ఒక్కసారి చూపిస్తే చాలు.

జిల్లేడు గొంగళి పురుగును మాత్రం గాలి ఆడే డబ్బాలో పెట్టి, రోజూ తాజా ఆకు వేసి, రెక్కలొచ్చాక దొరికిన చోటే వదిలేయవచ్చు.

పరీక్ష ఎలా పెట్టాలి?

‘ఖాళీలు పూరింపుము’ వద్దు. ఒక చోటు ఇవ్వండి, జంతువును పిల్లలు కల్పించాలి. ఉదాహరణకు: ‘హైదరాబాద్ మెట్రో పిల్లర్ల మీద బతికే జంతువు. తిండి రాత్రిపూట లైట్ల చుట్టూ తిరిగే పురుగులు. శత్రువు గద్ద. మే నెలలో స్తంభం కాలిపోతుంది.’ బొమ్మ వేసి, ప్రతి భాగానికీ గీత గీసి అది దేనికో రాయాలి. బొమ్మ అందానికి మార్కులు లేవు. ప్రతి భాగానికి కారణం రాశారా, ఆ కారణం ఇచ్చిన చోటుకు కుదిరిందా, ఆ భాగం వల్ల వచ్చే నష్టం ఒక్కటైనా చెప్పారా, ఇవే చూడండి. నాలుగో తరగతి పైన మరో ప్రశ్న చేర్చండి: ‘ఈ జంతువు తాతముత్తాతలకు ఈ పాదాలు లేవు. మరి దీనికి ఎలా వచ్చాయి?’ అందులో ‘కావాలనుకుంది కాబట్టి’ అన్న మాట కనిపిస్తే మార్కులు తీసేయకండి. ఆ బిడ్డతో దారపు ఆట మరోసారి ఆడించి, కాగితం తిరిగిచ్చి మళ్లీ రాయమనండి.